గేటు దాకా వచ్చిన కబురు

ఫిబ్రవరి 3

బాబాయ్,

చెవులు ఎలా ఉన్నాయి? ఫోన్‌లో "బావిలోంచి మాట్లాడుతున్నావా పిడుగూ?" అని నువ్వు, "బావి కాదు బాబాయ్, బస్సు" అని నేను అరుచుకోవడం, బస్సంతా నన్ను గుడ్లప్పగించి చూడటం మానేశాక ప్రాణం హాయిగా ఉంది. ఉత్తరంలో నువ్వు మధ్యలో అడ్డు రాలేవు కూడా. అది ఇంకా హాయి.

దీంతో పాటు ఒక కట్ట పంపుతున్నాను. కంగారుపడకు, నాటకమే. మా బృందం ఏప్రిల్ పదిహేడున ఆడబోతోంది, రాసింది నేనే. ముప్ఫై ఏళ్ళు తెర పక్కన కూర్చుని నటులకి మాటలందించినవాడివి, నీ పెన్సిల్ పడకుండా ఒక్క పేజీ కూడా ఎవరి చేతికీ ఇవ్వను. నీ గుర్తులు నాకింకా జ్ఞాపకమే. ఒక గీత అంటే ఊపిరి. రెండు గీతలంటే మౌనం. సున్నా చుడితే "ఇక్కడ మహానుభావుడు మర్చిపోతాడు".

ఇదెలా మొదలైందో చెప్పాలి. లైబ్రరీలో నా పని చిరిగిన పుస్తకాలు కుట్టడమని తెలుసుగా. కిందటేడు ప్రాచీన గ్రీకు విషాద నాటకాల సంపుటాలు మూడు బల్ల మీదికొచ్చాయి. మూడూ వేరువేరు అచ్చులు. కుట్టు విప్పి చూస్తే మూడూ ఒకేలాంటి ఘట్టం దగ్గర విరిగాయి. ఎక్కడో చావు జరుగుతుంది, దాన్ని చూసినవాడు పరుగున వచ్చి కబురు చెబుతాడు, అక్కడ. చదివినవాళ్ళందరూ అక్కడే ఆగి, పుస్తకం అక్కడే బోర్లించి, కాసేపు గోడకేసి చూస్తూ కూర్చుని ఉంటారు. సూది చేత్తో పట్టుకుని నేనూ అలాగే ఉండిపోయాను.

వాళ్ళ రంగస్థలం మీద చావు దాదాపుగా కనబడదు బాబాయ్. అంతా తలుపుల వెనక. మనకి వినబడేది ఒక కేక, అంతే. తర్వాత పేరైనా లేని ఒక మనిషి, కాపరో, సేవకుడో, వచ్చి నిలబడి చెబుతాడు. కొండవాలు మెట్ల మీద కూర్చున్న వేలమంది, పట్టపగలు, ఎండలో, కళ్ళతో ఏమీ చూడకుండానే ఏడ్చేవారట. రెండున్నర వేల ఏళ్ళ కిందట! వట్టి మాటలకి అంత బలం ఉందా అని ఆశ్చర్యపోయాను.

ఆ తర్వాత, వాటిని ఈ కాలంలో తిరగరాసినవాళ్ళని వెతుక్కుని చదివాను. రాజు ఫ్యాక్టరీ యజమాని అయ్యాడు, రాజమందిరం అద్దె వాటా అయింది, అప్పుడు గోడవారగా నిలబడ్డ దాసి ఇప్పుడు నోరు విప్పి కథంతా తన వైపు నుంచి చెబుతోంది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ బట్ట రంగు పోలేదు. సరే, నేనూ చెయ్యి పెట్టాను. నాది బస్సు డిపో. తండ్రి డ్రైవరు, కూతురు టికెట్ కౌంటర్లో. ఘాట్ రోడ్డులో ప్రమాదం జరిగితే మెకానిక్ వచ్చి కబురు చెబుతాడు. పాత నాటకంలో గుంపుగా నిలబడి పాడే పెద్దమనుషుల బదులు, రాని బస్సు కోసం కూర్చున్న ప్రయాణికులు. నవ్వకు. మూడో అంకంలో ఒక మలుపు మాత్రం అచ్చంగా నా సొంతం. చెప్పను, చదువుకో.

నీ పిడుగు

*

ఫిబ్రవరి 11

పిడుగూ,

ఆశీస్సులు. కట్ట అందింది. దారం విప్పేసరికి గోరు విరిగింది. పుస్తకాలు కుట్టేదానివని ఉత్తరాలు కూడా కుట్టి పంపాలా?

రెండు అంకాలు అయ్యాయి. నాకు గట్టిగా చదవడం తప్ప ఇంకోలా చదవడం రాదు కదా, కింద తాళాల కొట్టాయన మెట్ల మీదికొచ్చి కూర్చున్నాడు. ఎవరో తాళంచెవి కోసం వచ్చి పిలుస్తుంటే "ఉండండి, బస్సు ఇంకా రాలేదు" అన్నాడట. ఆ ప్రయాణికుల గుంపు నాకు భలే నచ్చింది. ఏమీ చెయ్యలేరు, లేచి వెళ్ళనూ లేరు, అన్నీ తెలిసినట్టే మాట్లాడతారు. మా వీధి మొత్తం అంతే.

ఆ పాతవాళ్ళ గురించి నువ్వు జతచేసిన కాగితం చదివి నోరెళ్ళబెట్టాను. ముగ్గురే నటులా? ముగ్గురూ మాస్కులు మార్చుకుంటూ అన్ని పాత్రలూ వేసేవారా? అందించేవాడు ఉన్నట్టు నువ్వెక్కడా రాయలేదు. ఉన్నా ఏం చేస్తాడులే. నేను నటుడి నోరు చూసేవాణ్ణి కాదు, కళ్ళు చూసేవాణ్ణి. మౌనాలు రెండు రకాలు. మర్చిపోయిన మౌనం, నటిస్తున్న మౌనం. మొదటిదానికి మాట అందించాలి, రెండోదానికి అందించామా, తెర పడ్డాక తన్నులే. ఆ తేడా కళ్ళలోనే తెలుస్తుంది. తెచ్చిపెట్టుకున్న ముఖం వెనక కళ్ళెక్కడ కనబడతాయి? అంటే వాళ్ళు ఎవరి సాయమూ లేకుండా, కొండంత జనం ముందు, అంతంత పొడుగు మాటలు గుండెలో పెట్టుకుని నిలబడ్డారన్నమాట. తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపించింది. నా ఉద్యోగం అప్పట్లో ఉండేది కాదేమోనని కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా.

మీ నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో. స్తంభాలెక్కి కరెంటు తీగలు బిగించే మనిషి, సాయంత్రం స్నానం చేసి నాటకానికొచ్చి చివరి కుర్చీలో కూర్చునేవాడు. అందరూ వేదికని చూస్తుంటే అన్నయ్య మాత్రం నేను కూర్చున్న మూలనే చూసేవాడు. ఇంటికొచ్చాక "ఇవాళ నువ్వు బాగా చేశావురా" అనేవాడు. నన్నెవరూ చూడకుండా ఉండటమే నా ఉద్యోగమని ఎంత చెప్పినా వినేవాడు కాదు. నీకు ఆరేళ్ళు నిండీ నిండకుండానే పోయాడు. నీ నాటకం చూడాల్సిన మనిషి.

మూడో అంకం రేపు. నీ మలుపేమిటో చూస్తాను.

గుసగుస బాబాయ్

*

ఫిబ్రవరి 20

పిడుగూ,

కట్ట వెనక్కి పంపుతున్నాను. గుర్తులు పెట్టాను.

మూడో అంకంలో మెకానిక్ గేటు దాకా వచ్చి, ఆ అమ్మాయిని చూసి, లోపలికి రాకుండా వెనక్కి వెళ్ళిపోతాడు. తర్వాత మళ్ళీ వచ్చి "మీ నాన్నకి నొప్పి తెలియలేదమ్మా, క్షణంలో పోయాడు" అని అబద్ధం చెబుతాడు. ఆ సన్నివేశం తీసెయ్యి. పాతవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. కొన్ని తలుపుల వెనకే ఉండాలని వాళ్ళకి తెలుసు.

వదిన పోయే ముందు నీకేం చెప్పిందో, చెప్పలేదో నేను అడగను. అడగాల్సింది ఉంటే నువ్వు నన్ను సూటిగా అడగాల్సింది. నాటకం రాసి పంపక్కర్లేదు.

పదిహేడుకి నేను రాలేను. నడుం నొప్పి.

బాబాయ్

*

ఫిబ్రవరి 28

బాబాయ్,

నీ ఉత్తరం నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

కట్ట విప్పి చూశాను. అన్ని పేజీల్లోనూ నీ గీతలు, సున్నాలు, పక్కన వెటకారాలు. "ఈ ప్రయాణికుడు ఎక్కువ మాట్లాడుతున్నాడు, దింపెయ్యి" అన్నది చదివి మా వాళ్ళందరూ పడీ పడీ నవ్వారు. కబురు చెప్పే ఐదు పేజీల్లో మాత్రం పెన్సిల్ ముట్టలేదు. నీకు అంత నచ్చకపోతే తిట్టు పడతాను గానీ, ఖాళీగా వదిలేస్తే ఎలా?

నీ కోపం దేనికో నేను ఊహించుకున్నాను. మా బృందంలో మాటలు అందించేవాళ్ళు లేరని, ఆ కుర్చీయే తీసేశామని నీకు ఎవరో చెప్పి ఉంటారు. చిన్నతనంగా అనిపించి ఉంటుంది. నడుం నొప్పంట! పైనున్న రెండు గదులకీ రోజుకి ఆరుసార్లు మెట్లెక్కే మనిషికి రైలెక్కడానికి నడుం నొప్పా? అమ్మ ఏం చెప్పిందనే మాట ఎందుకొచ్చిందో అదీ తెలియలేదు. అమ్మ చివరి నెలల్లో అస్తమానం చెప్పింది కుక్కర్ రబ్బరు మార్చమని.

ఆ సన్నివేశం తీసెయ్యను. నాటకానికి ప్రాణమే అది. నేను చదివినంతలో పాత దూతలు నిజమే చెబుతారు. మోసం చెయ్యడానికి కట్టుకథ అల్లేవాడు ఒకడో ఇద్దరో ఉన్నారు. జాలిపడి చావుని మెత్తగా చేసి చెప్పినవాడు మాత్రం నాకు దొరకలేదు. దాన్ని నేను కనిపెట్టానని ఎగిరి గంతేశాను. చివరి అంకంలో అమ్మాయికి నిజం తెలిసి వాణ్ణి డిపోలోంచి వెళ్ళగొడుతుంది, చదివావుగా. జాలితో చెప్పినా అబద్ధం అబద్ధమే కదా.

గేటు దగ్గర ఆగి వెనక్కెళ్ళడం ఎక్కడిదో చెప్పనా? నాన్న పోయిన రోజు మధ్యాహ్నం నువ్వు ఎండలో మన గేటు మీద చెయ్యేసి నిలబడి నన్ను చూస్తున్నట్టు, మళ్ళీ వెళ్ళిపోయినట్టు నాకొక జ్ఞాపకం. కల అయి ఉంటుంది. నువ్వొచ్చింది సాయంత్రం కదా. కలైతేనేం, పనికొచ్చింది.

కోపం తగ్గాక రాయి. నాకున్నది నువ్వొక్కడివే, నువ్వు కూడా బిగదీసుకుంటే నేనెవరికి చూపించుకోను?

నీ పిడుగు

*

మార్చి 14

పిడుగూ,

కల అయి ఉంటుందన్నావు. అంటే నీకు తెలియదు. నువ్వు నన్ను నిలదీస్తున్నావనుకుని ఆ ఉత్తరం రాశాను. నాటకాన్నే రాశావు, నన్ను కాదు.

తెలియదని తెలిశాక హమ్మయ్య అనుకుని ఊరుకోవచ్చు. వారం రోజులు ఊరుకున్నాను కూడా. కానీ నువ్వు రాసిన ఒక్క మాట నన్ను వదల్లేదు. ఆ అమ్మాయి మెకానిక్‌తో అంటుంది, "చూసినవాడివి నువ్వొక్కడివే. నువ్వు చెప్పకపోతే మా నాన్న అంతసేపు బతికినట్టే కాదు" అని. ముప్ఫై రెండేళ్ళుగా అన్నయ్య బతికిన నాలుగు గంటలు నా దగ్గరే ఉండిపోయాయి. తిరిగి ఇచ్చేస్తున్నాను.

మీ నాన్న స్తంభం మీద పోలేదు. పొద్దున్న పదకొండింటికి షాక్ కొట్టి కింద పడ్డాడు. తనతో పనిచేసే ఆయన రిహార్సల్ మధ్యలో వచ్చి నన్ను లాక్కెళ్ళాడు. ఆసుపత్రిలో పొడుగాటి గది, సగం గోడ దాకా ఆకుపచ్చ రంగు, కిటికీ పక్క మంచం. ముఖం ఒకవైపు కాలింది, వాచిపోయింది. గొంతు మాత్రం అన్నయ్యదే. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, సాయంత్రం దాకా కష్టమన్నాడు. వదిన ఆ వారం మీ పిన్ని పురిటికి వెళ్ళింది, కబురందినా మర్నాటికి గానీ చేరలేదు. అన్నయ్యకి ఆ సంగతి తెలుసు. అందుకని ఒక్కటే అడిగాడు. "పాపని తీసుకురా."

నన్ను లాక్కొచ్చినాయన సైకిల్ మీద ఇంటికొచ్చాను. ఒంటిగంట అయింది. పక్కింటావిడ బట్టలు ఆరేస్తోంది. నువ్వు మెట్టు మీద కూర్చుని, చేతిలో గుండ్రటి అద్దం పెట్టుకుని, ముందుపన్ను నాలికతో తోసుకుంటూ, కదిపి కదిపి చూసుకుంటున్నావు. నీ లోకం నీది. గేటు గడియ మీద చెయ్యేశాను. ఎండకి కాలిపోతోంది. ఈ పిల్ల ఆ ముఖం చూస్తే ఇక జన్మంతా నాన్నంటే ఆ ముఖమే గుర్తుంటుంది అనుకున్నాను. గడియ తియ్యలేదు. నువ్వు ఒకసారి తలెత్తావు. నేను వెళ్ళిపోయాను. అది జాలో, పిరికితనమో ఇవాళ్టికీ తేల్చుకోలేకపోయాను.

నేను తలుపులోకి రాగానే అన్నయ్య తల తిప్పాడు. నా ముఖంకేసి చూడలేదు. నా మోకాలి పక్కన చూశాడు, నువ్వుండాల్సిన ఎత్తులో.

"నిద్రపోతోంది" అన్నాను.

"లేపకు" అన్నాడు.

కాసేపటికి మళ్ళీ కళ్ళు తెరిచి, "పన్ను ఊడిందా?" అన్నాడు. పొద్దున పనికెళ్ళేటప్పుడు నీ పన్ను పట్టి చూసి, ఇవాళ ఊడుతుందని పందెం కాశాట్ట.

"ఊడింది" అన్నాను. ఒక అబద్ధం చెప్పినవాడికి రెండోది ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

నవ్వాడు, ఆ ముఖం ఎంత నవ్వనిస్తే అంత. "దాచమను" అన్నాడు. మూడింటికి పోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, క్షణంలో పోయాడని, నొప్పి తెలియలేదని అందరికీ నేనే చెప్పాను. తనతో పనిచేసేవాళ్ళని బతిమాలి వాళ్ళ చేతా అదే చెప్పించాను. వదిన నమ్మింది, తర్వాత ఎవరైనా ఆవిడకి చెప్పేశారేమో తెలియదు. నువ్వు నమ్మావు. ముప్ఫై ఏళ్ళు ఎవడెవడి మాటలో సమయానికి అందించాను, అన్నయ్య మాట ఒక్కటి నీకు అందించలేకపోయాను.

నీ నాటకంలో ఆ అమ్మాయి వాణ్ణి వెళ్ళగొట్టడం న్యాయమే. ఆ సన్నివేశం తియ్యకు.

బాబాయ్

*

ఏప్రిల్ 2

పిడుగూ,

ఇరవై రోజులైంది. పోస్టుమాన్ మా మెట్ల దగ్గర ఆగకుండా వెళ్ళిపోతున్నాడు. తాళాలాయన కూడా ఏమీ అడగటం లేదు, అంటే నా వాలకం అలా ఉందన్నమాట.

నీ మౌనం ఏ రకానిదో నాకు తెలియడం లేదు. కళ్ళు కనబడితే గానీ చెప్పలేను. అందుకని ఏ మాటా అందించను. కాచుకుని కూర్చుంటాను, అదైతే అలవాటే.

బాబాయ్

*

ఏప్రిల్ 6

బాబాయ్,

ముందు కోపం సంగతి. నీ ఉత్తరం చదివాక చాలా కోపం వచ్చింది. నిజమైన కోపం. మూడు రోజులు పనికెళ్ళలేదు. నువ్వు నన్ను తీసుకెళ్ళాల్సింది. ముఖం ఎలా ఉన్నా అది మా నాన్న ముఖం. భయపడేదాన్నేమో, అరిచేదాన్నేమో, అయినా ఆయన చెయ్యి పట్టుకునేదాన్ని. ఇది ఒక్కసారి చెప్పాలి, చెప్పాను. మళ్ళీ చెప్పను.

తర్వాత నీ ఉత్తరాన్ని గట్టిగా, నీలాగా, గదిలో నిలబడి చదివాను. రెండున్నర వేల ఏళ్ళ కిందటి ఆ మెట్ల మీద జనం ఏమీ చూడకుండా ఎలా ఏడ్చారని ఆశ్చర్యపోయాను కదా. నాకిప్పుడు ఆ గది కనబడుతోంది. ఆకుపచ్చ గోడ, కిటికీ, నీ మోకాలి పక్కన వెతికిన చూపు. నేను అక్కడ లేను, అయినా ఉన్నాను. నువ్వు చెప్పావు, అంతే. వట్టి మాటలకి అంత బలం ఉందని పుస్తకంలో చదివి తెలుసుకున్నాననుకున్నాను. అది చదవడమే, తెలుసుకోవడం ఇవాళ.

చివరి అంకం మార్చాను. మా దర్శకుడు జుట్టు పీక్కున్నాడు, పదకొండు రోజుల్లో ఆటట. పీక్కోనీ. ఇప్పుడు ఆ అమ్మాయి మెకానిక్‌ని వెళ్ళగొట్టదు. కోపంతో అరుస్తుంది, తర్వాత బెంచీ మీద చోటిచ్చి కూర్చోబెట్టి, "మా నాన్న ఇంకా ఏమన్నాడు?" అని అడుగుతుంది. వాడు మొదటినుంచీ చెప్పడం మొదలుపెడతాడు. దీపాలు ఆరిపోయినా గొంతు వినబడుతూనే ఉంటుంది.

పదిహేడుకి నువ్వొస్తున్నావు. నడుం నొప్పి అంటే ఊరుకోను. మాటలందించే కుర్చీ మళ్ళీ వేయించలేదు గానీ, చివరి వరుసలో రెండు కుర్చీలు పట్టాను. నాన్న కూర్చునే చోటులాంటివి. నువ్వు ఎడమవైపు కూర్చో, నీ కుడిచెవి కాస్త మేలు కదా. నటులేమంటున్నారో నీ చెవిలో నేను చెబుతుంటాను. ఇన్నాళ్ళూ నువ్వు అందించావు, ఒక్క సాయంత్రం నేను అందిస్తాను.

నీకు తెలియని కబురు నా దగ్గర కూడా ఒకటుంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు సాయంత్రం ఐదింటికి ఇల్లంతా జనం. అమ్మ ఇంకా రాలేదు. నువ్వు వరండాలో ఎవరికో ఏదో చెబుతున్నావు. నేను అల్మరా పక్కన నిలబడి ఉంటే పన్ను నా అరచేతిలోకి ఊడిపడింది. నాన్నకి చూపించాలని పరుగెత్తబోయి ఆగిపోయాను. ఎవరికి చూపించాలో తెలియక అమ్మ బొత్తాల డబ్బాలో వేసి మూత పెట్టాను. అమ్మ పోయాక ఆ డబ్బా నా దగ్గరికే వచ్చింది. నిన్న బల్ల మీద మొత్తం ఒలకబోశాను. కోటు బొత్తాలు, హుక్కులు, తుప్పు పట్టిన పిన్నీసులు. వాటి మధ్యన ఉంది. బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దది.

కాబట్టి నువ్వు నాన్నకి చెప్పింది అబద్ధం కాదు బాబాయ్. రెండు మూడు గంటలు ముందు చెప్పావు, అంతే.

ఊడింది. దాచాను.

నీ పిడుగు